సేంద్రియ మిర్చి ఏరుడుకు కిలో లెక్కన కూలి ఇవ్వడం న్యాయమేనా?

ప్రశ్న: నల్లబెల్లి మిర్చితోట

అందరికీ నమస్తే. మాది వరంగల్ జిల్లా నల్లబెల్లి మండలంలో ఒక చిన్న ఊరు. మూడెకరాల మిర్చి పెడతాం. రెండెకరాలు తేజ రకం, ఒక ఎకరం లావు కాయ చపాటా రకం. యూరియా, డీఏపీ, పురుగు మందులు మానేసి ఐదేళ్లయింది. పేడ ఎరువు, జీవామృతం, వేప కషాయం, గెట్ల వెంట జొన్న సాళ్లు, ఇంతే మా వ్యవసాయం. తోట పని నేను, మా ఆయన చూసుకుంటాం. ఆవులను అత్తమ్మ చూస్తుంది. వచ్చిన కాయలో కొంత హన్మకొండ, హైదరాబాద్‌లో తెలిసిన ఇళ్లకు నేరుగా పంపుతాం. మిగిలింది ఏనుమాముల మార్కెట్‌కు పోతుంది.

ఏడాదిగా ఒక విషయం నన్ను తినేస్తోంది. ఇంట్లో ఎత్తితే మా ఆయన "అందరూ ఇచ్చేదే మనమూ ఇస్తున్నాం కదా" అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు, లెక్కలు ఆయన నెత్తి మీదే ఉన్నాయి. ఇక్కడ మిర్చి, పత్తి, పసుపు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపికగా చదవండి.

మా తోట ఏరడానికి ప్రతి ఏడాది ఛత్తీస్‌గఢ్ నుంచి ఒక ముఠా వస్తుంది. బీజాపూర్ జిల్లాలో భోపాలపట్నం అవతలి ఊళ్లవాళ్లు. సంక్రాంతి దాటాక ముల్లకట్ట వంతెన మీదుగా గోదావరి దాటి వస్తారు, ఏప్రిల్‌లో ఎండలు ముదిరేదాకా ఉంటారు. పోయినసారి ఏరేవాళ్లు 14 మంది, వెంట ముగ్గురు చిన్నపిల్లలు. మూడు ఏరుళ్లు కలిపి మా తోటలో 28 రోజులు పని చేశారు. మిగతా రోజులు పక్క తోటల్లో.

కూలి అప్పుడే ఏరిన, ఎండబెట్టని కాయ కిలోకు 10 రూపాయలు. మా చుట్టుపక్కల అందరిదీ అదే రేటు. ముఠాను తీసుకొచ్చే మేస్త్రీకి కిలోకు ఒక రూపాయి విడిగా ఇస్తాం. నేను తూకం రాసే నోట్‌బుక్ ఉంది. పోయిన మార్చిలో ఒకరోజు ముఠాలో పెద్దావిడ గంప దించి, వచ్చీరాని తెలుగులో ఒక మాట అన్నది. "నీ తోటల మందు వాసన రాదు. పైసలు గూడ రావు." కోపంగా అనలేదు. చెమట తుడుచుకుంటూ అన్నది.

ఆ రాత్రి నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. పక్క తోట ఆయనను అడిగి వాళ్ల లెక్క కూడా చూశాను. మందులు కొట్టే ఆ తోటలో ఇదే మనిషి రోజుకు 38, 40 కిలోలు ఏరుతోంది. మా తోటలో 25 దాటడం లేదు. ఎందుకో ఆలోచిస్తే అంతా కళ్ల ముందే ఉంది. మా చెట్టుకు కాయ పలచన. కాయ చిన్నది. పురుగు కుట్టినది, రంగు పోయిన తాలు కాయ పక్కకు తీయమంటాం. సాళ్ల మధ్య పరిచిన గడ్డిలో కూర్చుని జరగడం కష్టం. ఒక కిలో నిండాలంటే పక్క తోటలో కంటే ఎక్కువ చెట్లు తడమాలి. అంటే అక్కడ 380, 400 సంపాదించే మనిషికి మా దగ్గర 250. 2024-25లో ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 300, ఛత్తీస్‌గఢ్‌లో 243. గోదావరి దాటి, పరదాల కింద పడుకుని, పిల్లలను మట్టిలో కూర్చోబెట్టి నా దగ్గర పనిచేసిన మనిషికి, సొంత ఊళ్లో ఉపాధి పనికి పోయినా దాదాపు అంతే వచ్చేది.

మందులు మానేస్తే దిగుబడి తగ్గుతుందని నాకు తెలుసు, ఆ నష్టానికి నేను సిద్ధపడ్డాను. ఎండుకాయ కిలో 320కి అమ్ముకుని కొంత పూడ్చుకుంటున్నాను కూడా. కానీ ఆ నష్టంలో ఒక ముక్క, కిలో లెక్క పుణ్యాన, వాళ్ల కూలిలోంచి పోతోంది. వాళ్లకు పూడ్చేవాళ్లు ఎవరూ లేరు. నాకు నిద్ర పట్టనిది ఇందుకే.

రోజుకు 400 చేద్దామని లెక్క వేశాను. మనిషికి 150 ఎక్కువ, 14 మందికి రోజుకు 2,100, 28 రోజులకు 58,800. మాకు మూడెకరాల్లో ఎండుకాయ 27 క్వింటాళ్లు వచ్చింది. అంతటి మీద పంచితే కిలోకు 22 రూపాయలు. పెద్ద మొత్తం అనిపించదు. కానీ నేరుగా అమ్ముడుపోయింది 11 క్వింటాళ్లే. మార్కెట్‌కు పోయిన 16 క్వింటాళ్లకు మామూలు కాయ ధరే. కాబట్టి భారమంతా ఆ 11 క్వింటాళ్ల మీద వేస్తే కిలోకు 53 దాటుతుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రెండో ఏరుడప్పుడు వాళ్ల పిల్లల్లో నాలుగేళ్ల బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నర్సంపేట తీసుకుపోయి రెండు రోజులు సెలైన్ పెట్టించాం, తేరుకున్నాడు. తర్వాత చూస్తే వాళ్లు తాగే నీళ్లు నిల్వ చేసుకుంటున్నది నీలం డ్రమ్ములో. అంతకు ముందు నెల నేను 200 లీటర్ల జీవామృతం కలిపిన డ్రమ్ము అది. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి పులిసిన డ్రమ్ము. కడిగి బోర్లించి పెట్టాను, వాళ్లకు వేరే ఏదీ లేక తీసుకున్నారు. నేను రోజూ అటే నడిచాను, కనిపించలేదు.

అదే వారం మా పీజీఎస్ గుంపు రైతులు తోట చూడటానికి వచ్చారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, కనీసం ఐదుగురు రైతులు గుంపుగా చేరి ఒకరి పొలం ఒకరు చూసి సేంద్రియం అని హామీ ఇచ్చుకునే పద్ధతి ఇది. ఎరువు గుంత చూశారు, గెట్టు జొన్న చూశారు, రిజిస్టర్ చూశారు, బాగుందన్నారు. ఇరవై అడుగుల దూరంలో ఆ పరదాల గుడిసెలు ఉన్నాయి. అటు ఎవరూ తల తిప్పలేదు. నేనూ తిప్పమనలేదు.

నా ప్రశ్నలు ఇవి. కిలో లెక్క మార్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా, మారిస్తే పని ఎలా సాగింది? తేజకు, చపాటాకు ఒకే రేటు పెడితే అందరూ లావు కాయ చపాటా సాళ్ల కోసం పోటీపడి తగవులు వస్తున్నాయి, మీరేం చేస్తున్నారు? పిల్లల విషయం ఏం చేయాలి? మేస్త్రీని కాదని వాళ్లతో నేరుగా మాట్లాడొచ్చా?

జవాబు: జనగామ సేంద్రియం

అక్కా, మాది లింగాల ఘనపురం వైపు. ఏనబావి మాకు దగ్గరే. 2006లో ఆ ఊరు ఊరంతా రసాయనాలు మానేశామని ప్రకటించుకున్నప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. అక్కడ చూసే మా నాన్న మారాడు. నేను పన్నెండేళ్లుగా పత్తి, కంది, ఎకరంన్నర మిర్చి చేస్తున్నా.

మీరు పట్టుకున్న లెక్క నూటికి నూరు పాళ్లు నిజం. నేను ఐదేళ్లు తప్పు చేశాక తెలుసుకున్నా. అయితే ఉత్త రోజు కూలి పెట్టకండి. నేను ఒక ఏడాది పెట్టాను. చురుకైనవాళ్లకు కష్టం అనిపించింది, "నేను ముప్పై ఏరినా, ఆమె పద్దెనిమిది ఏరినా ఒకటేనా" అని వాళ్లలో వాళ్లకే మనస్పర్థలు వచ్చాయి. ఇప్పుడు నేను చేసేది చెబుతా. రోజుకు 350 కింద ఎవరికీ పడదు, ఎంత తక్కువ ఏరినా సరే. తేజ అయితే 26 కిలోలు దాటాక ప్రతి కిలోకు 12 అదనం. లావు కాయకు ఆ గీత 36 కిలోల దగ్గర పెట్టాను. సాళ్ల కోసం కొట్లాట పోయింది. మూడో ఏరుడుకు కిలో మాటే లేదు. చెట్టుకు నాలుగు కాయలుంటాయి, దానికి కిలో లెక్క పెట్టడం మనిషిని మోసం చేయడమే.

తూకం గురించి మీరు రాయలేదు, నేను అడుగుతున్నా. గోనె బరువు కింద కిలో, తేమ కింద ఇంకో కిలో కోస్తున్నారా? మా వైపు ఇది మామూలు. బస్తా నింపి మార్కెట్‌కు పోయినప్పుడు తరుగు పేరుతో మన కిలో కోస్తే మనకు ఎంత మంట పుడుతుందో, చేతులకు నిజంగానే మంట పుట్టి ఏరినవాళ్లకు అంతకంటే ఎక్కువ పుడుతుంది. ఖాళీ గోనె ముందే కాటా మీద పెట్టి సున్నా చేయండి. ఎలక్ట్రానిక్ కాటా అంకెలు వాళ్లు చదవగలిగేలా వాళ్ల వైపు తిప్పండి. నేను ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇచ్చాను, కిలోకు ఒక గీత, వాళ్ల ముందే గీస్తా. అది వాళ్ల దగ్గరే ఉంటుంది.

సేంద్రియ సంఘాలన్నిటికీ కలిపి ఐఫోమ్ అని ప్రపంచ సమాఖ్య ఉంది. 2005లో వాళ్లు నాలుగు సూత్రాలు పెట్టుకున్నారు: ఆరోగ్యం, పర్యావరణం, న్యాయం, శ్రద్ధ. ట్రైనింగ్‌లకు పోతే మొదటి రెండింటి గురించి రెండు రోజులు చెబుతారు. మూడోదాని దగ్గర భోజనాల టైమ్ అవుతుంది.

జవాబు: పరకాల కౌలు రైతు

మీరందరూ మంచి మనసుతో మాట్లాడుతున్నారు, కాదనను. కానీ మా బాధ కూడా ఒకరు రాయాలి కదా.

నాకు సొంతంగా పది గుంటలు. నాలుగెకరాలు కౌలు. ఎకరాకు 30 వేలు, అది కూడా విత్తనం పెట్టక ముందే చేతిలో పెట్టాలి. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు అది పట్టా ఉన్నవాళ్లకే పడింది, దున్నిన నాకు పడలేదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చింది. పూతలోకి దూరి మొత్తం పీల్చేసింది. ఎకరాకు మూడు క్వింటాళ్లు రాలేదు. ఆ అప్పు ఇంకా తీరలేదు. మందులకు పెట్టిన డబ్బు చూసి విరక్తి పుట్టి సగం పొలంలో మందులు మానేశాను. సర్టిఫికెట్ లేదు, కొనే ఇళ్లు లేవు. నా కాయ మొత్తం మార్కెట్ ధరకే పోతుంది.

మీరు 400 ఇస్తే ముఠా మీ తోటకే పోతుంది. మిర్చి పండిన వారంలో ఏరకపోతే ఏమవుతుందో మీకు తెలుసు. ఒక్క చెడగొట్టు వాన పడితే ఎర్ర కాయ తెల్లబడుతుంది. నేను పెంచలేను, మీరు పెంచారు, నా తోట ఏరేవాళ్లు లేరు. నా గతి ఏంటి?

నేనూ, నా భార్యా నాట్ల టైమ్‌లో కైకిలికి పోతాం. కూలి తక్కువ ఇస్తే కడుపులో ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఈ ఏడాది నాట్లకు బీహార్ వాళ్లు దిగితే మా వాడలో ఆడవాళ్లకు పదిహేను రోజులు పని పోయింది. వాళ్ల మీద కోపం రాలేదా అంటే వచ్చింది. తర్వాత వాళ్లు స్కూల్ వరండాలో అన్నం వండుకుంటుంటే చూసి ఆ కోపం నిలబడలేదు.

నేను చేయగలిగింది చేస్తున్నా. తరుగు తీయను. మధ్యాహ్నం మజ్జిగ, చేతులకు రాసుకోను కొబ్బరినూనె. ఏరుడు అయిన రోజే డబ్బులు. అంతకు మించి నా దగ్గర లేదు.

జవాబు: నల్లబెల్లి మిర్చితోట

అన్నా, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. పట్టా, కొనే ఇళ్లు ఉన్నాయి కాబట్టి నేను ఈ ప్రశ్న అడగగలుగుతున్నాను, అది నిజం. రేటు పెంచితే మీ తోట ఖాళీ అవుతుందనే కోణం నేను ఆలోచించనే లేదు. ఇక్కడ వేరే జిల్లా, వేరే ముఠా అయినా మా పక్క తోటలవాళ్లలో మీలాంటివాళ్లు ఉన్నారు. ముఠా రాకముందే వాళ్లతో కూర్చుని మాట్లాడతాను.

జనగామ తమ్ముడూ, తరుగు గురించి అడిగారు. మేమూ గోనెకు కిలో తీశాం. ఇప్పుడు ఒట్టి గోనె తూచాను. 600 గ్రాములు.

జవాబు: మెట్‌పల్లి పసుపు

నేను సౌదీలో మజ్రాలో ఆరేళ్లు పనిచేశాను. మజ్రా అంటే వాళ్ల వ్యవసాయ క్షేత్రం, ఖర్జూర చెట్లు, మేకలు. మా జగిత్యాల, సిరిసిల్ల వైపు ప్రతి రెండో ఇంట్లో నాలాంటివాడు ఉంటాడు, కాబట్టి ఈ చర్చ మాకు వేరే రకంగా తగులుతుంది.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, మంచిగా మాట్లాడేవాడు. పండక్కి బట్టలు పెట్టేవాడు. కానీ పాస్‌పోర్ట్ ఆయన బీరువాలో, అక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు ఆయన జేబులో, జీతం మూడు నెలలకోసారి. మా అమ్మ చనిపోయినప్పుడు సెలవు అడిగితే "చూద్దాం" అన్నాడు. చూస్తూ చూస్తూ పదకొండు రోజులైంది. బట్టలు పెట్టిన సంగతి నాకు గుర్తు లేదు, ఆ పదకొండు రోజులు ఒక్కొక్కటి గుర్తుంది.

తిరిగొచ్చి రెండెకరాల పసుపు వేశాను. తవ్వను, కొమ్ములు విరవను, ఉడకబెట్టను నాందేడ్ వైపు నుంచి కుటుంబాలు వస్తాయి. మొదటి ఏడాది మేస్త్రీ వచ్చి నా ముందు ఒక ప్లాస్టిక్ కవర్ పెట్టాడు. అందులో పదిమంది ఆధార్ కార్డులు. "నా దగ్గరే ఉంటాయి సార్, పారిపోకుండా" అన్నాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ కవర్ తీసుకుని ఎవరి కార్డు వాళ్లకు ఇచ్చేశాను. మేస్త్రీకి నచ్చలేదు. రెండు రోజులు మాట్లాడలేదు.

అక్కా, మీరు అడిగింది మేస్త్రీని కాదని మాట్లాడొచ్చా అని. మాట్లాడండి, కానీ మేస్త్రీని అవమానించకండి. అతను కూడా ఆ ఊరివాడే, ఎవరికైనా జబ్బు చేస్తే రాత్రి లేచేది అతనే. నేను చేసేది ఇంత. అతని కమీషన్ నేను విడిగా, అందరి ముందు ఇస్తా. కూలి మాత్రం ప్రతి శనివారం సంత రోజు ఎవరి చేతికి వాళ్లకే. భార్యాభర్తలు పనిచేస్తే భార్య కూలి భార్య చేతికి. అడ్వాన్స్ ఎంత తీసుకున్నారో, ఎంత తెగిందో రెండు నోట్‌బుక్‌లలో రాస్తా, ఒకటి వాళ్ల దగ్గర. దసరాకు ఇచ్చిన మూడు వేలు హోళీ దాకా తెగకుండా ఉండే లెక్కలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి, గమనించండి. అడ్వాన్స్ కింద మనిషిని కదలనివ్వకపోతే అది 1976లోనే రద్దు చేసిన వెట్టి. మనం ఏ పేరు పెట్టినా అంతే.

రానుపోను ఛార్జీలు ఎవరు పెడుతున్నారు? 1979లో వలస కూలీల చట్టం వచ్చినప్పటి నుంచే, కాంట్రాక్టర్ వేరే రాష్ట్రం నుంచి తెచ్చిన కూలీలకు రెండు వైపులా ఛార్జీ, దారిలో గడిచిన రోజులకు కూలి ఇవ్వాలని ఉంది. ఇప్పుడు దాన్ని 2020 నాటి కొత్త కోడ్‌లో కలిపారు. మన చిన్న తోటల దాకా ఏ అధికారీ రాడు, అది వేరే మాట. నాకు దుబాయ్ మీదుగా టికెట్‌కు చేసిన అప్పు తీర్చడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అందుకని నేను బస్సు ఛార్జీ ఇస్తాను. ట్రాలీ ఆటోలో ఇరవై మందిని నిలబెట్టి తేవద్దని మేస్త్రీకి గట్టిగా చెప్పాను.

జవాబు: ఏటూరునాగారం టీచర్

మీ తోటకు వచ్చేవాళ్లు మా ఊరి మీదుగానే వస్తారు. పిల్లల గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

2020 ఏప్రిల్ మా జిల్లావాళ్లు మర్చిపోలేరు. మా ములుగు జిల్లా మిర్చి తోటల్లో పనికి వచ్చిన 12 ఏళ్ల పాప, లాక్‌డౌన్‌లో బండ్లు లేక మిగతావాళ్లతో కలిసి అడవి దారిలో బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి మూడు రోజులు నడిచింది. ఇల్లు ఇంకా కొద్ది దూరం ఉందనగా చనిపోయింది. ఆ పాప అప్పుడు ఆరో, ఏడో తరగతిలో కూర్చుని ఉండాల్సిన వయసు. నా తరగతిలో ఆ వయసు పిల్లలను చూసినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది.

14 ఏళ్ల లోపు పిల్లలతో పని చేయించకూడదని చట్టం. అది అందరికీ తెలుసు. జరిగేది ఏమిటంటే, పిల్లలకు కూలి ఇవ్వరు, కానీ తల్లి గంపలో వేయడానికి పిల్లలు ఏరుతారు. కిలో లెక్క ఉన్నంతకాలం ఇది ఆగదు. 25 కిలోలు ఏరే తల్లికి పక్కన కూతురు ఉంటే 32 అవుతుంది. అందుకే జనగామ అన్న చెప్పిన కనీస కూలి పిల్లల విషయంలో కూడా ముఖ్యం. తల్లికి రోజు కూలి గట్టిగా ఉంటే పిల్ల చేతిలో గంప ఉండాల్సిన అవసరం ఉండదు.

దగ్గరి బడికి తీసుకువెళ్లండి. టీసీ లేదని, సగంలో వచ్చారని చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. మూడు నెలలే ఉంటారు కదా అని కొందరు వెనకాడతారు. మూడు నెలలు మధ్యాహ్న భోజనం, పది మంది పిల్లల మధ్య ఆట, నీడ. అదే చాలా పెద్ద విషయం. భాష రాదని భయపడకండి, మా బడిలో కోయ మాట్లాడే పిల్లలు తెలుగు పిల్లలతో వారంలో కలిసిపోతారు. నాలుగేళ్ల బాబును అంగన్‌వాడీకి పంపండి. టీచరమ్మకు మీరే ఒక మాట చెప్పాలి, వాళ్లు తమంతట తాము పోలేరు.

రేషన్ గురించి కూడా. 2022లో ఛత్తీస్‌గఢ్ కూడా ఒకే దేశం ఒకే రేషన్‌లో చేరింది. వాళ్ల కార్డు మీద ఇక్కడి డీలర్ దగ్గర బియ్యం తీసుకోవచ్చు. చిక్కు ఎక్కడొస్తుందంటే, మిర్చి ఏరి ఏరి వేళ్ల తోలు లేచి మిషన్ మీద వేలిముద్ర పడదు. కంటి మిషన్‌తో చూడమని అడగండి.

జవాబు: హన్మకొండ నుంచి

నేను రైతును కాదు, కొనుక్కునే మనిషిని. పిల్లలకు మందులు లేని కారం పెట్టాలని రెండింతలు పెట్టి కొంటున్నాను. ఆ కారం కోసం ఇంకో పిల్లవాడు ఆస్పత్రిలో పడుకున్నాడంటే నాకు ముద్ద దిగడం లేదు. ఏరుడు కూలి కింద కిలోకు ఇంత అని ప్యాకెట్ మీద రాసి అడగండి. ఇస్తాను. చెప్పకుండా ధర పెంచితే మాత్రం ఎందుకు పెరిగిందో మాకు ఎలా తెలుస్తుంది?

జవాబు: నల్లబెల్లి మిర్చితోట

ఏరుడు అయిపోయింది. నిన్న వాళ్లు ఊరికి పోయారు. మీరంతా అంత శ్రద్ధగా రాశారు, ఏం జరిగిందో చెప్పకపోతే బాగుండదు.

ఈసారి 13 మంది వచ్చారు. వచ్చిన మర్నాడే నేను, అత్తమ్మ వాళ్ల దగ్గర కూర్చుని ముందు మీకేం కావాలని అడిగాం. కూలి గురించి అడుగుతారనుకున్నా. ఆడవాళ్లు అడిగింది స్నానానికి నాలుగు వైపులా పరదా, రాత్రి వెలుగుతుండే ఒక బల్బు. పోయినేడు పాము వచ్చిందట. మాకు చెప్పలేదు. చెప్తే బల్బు డబ్బులు కోస్తారనుకున్నారట. ఆ రోజే రెండూ చేశాం. నీళ్లకు నల్లా ఉన్న 500 లీటర్ల ట్యాంక్ కొని, ఊళ్లోంచి భగీరథ నీళ్లు ట్రాక్టర్ మీద తెచ్చి నింపాం. జీవామృతం డ్రమ్ములకు అడుగున రంధ్రం కొట్టి చిన్న కుళాయి బిగించాను, ఇక ఎవరూ నీళ్లకు వాడుకోలేరు.

కూలి జనగామ తమ్ముడు చెప్పిన పద్ధతే. 350 కింద పడలేదు. 29 రోజుల మీద సగటున మనిషికి 362 వచ్చింది. ఏరింది సగటున 26 కిలోలు, పాత లెక్క అయితే 260 వచ్చేది. మాకు 38,400 ఎక్కువ ఖర్చయింది. ధర 320 నుంచి 340 చేశాను, హన్మకొండ చెల్లె చెప్పినట్టు ప్యాకెట్ మీద "ఇందులో 20 రూపాయలు ఏరుడు కూలికి" అని రాశాను. నేరుగా 13 క్వింటాళ్లు పోయింది, అంటే 26 వేలు అక్కడ వచ్చింది. మిగతా 12 వేల చిల్లర మా మీదే పడింది. మా ఆయన నోట్‌బుక్ చూసి "వచ్చేసారి 15 క్వింటాళ్లు అమ్మాలి నువ్వు" అన్నాడు. అంతే అన్నాడు.

పక్క తోటలవాళ్లతో మాట్లాడతానని పరకాల అన్నకు మాటిచ్చాను. మాట్లాడాను. నలుగురిలో ఇద్దరు తరుగు మానేశారు. రేటు ఎవరూ మార్చలేదు. ముఠా రోజులు ముందే పంచుకున్నాం, ఎవరి తోటా ఆగకుండా. మా తోట రెండో ఏరుడు నాలుగు రోజులు వెనక్కి జరిపి, కౌలుకు చేసే ఒకాయన తోట ముందు ఏరించాం. మా కాయ కొంత తాలు పోయింది. పీజీఎస్ గుంపులో ఇకనుంచి గుడిసెలు, నీళ్లు కూడా చూద్దామని అడిగితే ఏడుగురిలో ముగ్గురు సరే అన్నారు. ఒకాయన నొచ్చుకున్నాడు, "మమ్మల్ని దొంగల్లాగా చూస్తావా" అని. ఆయనతో మళ్లీ మాట్లాడాలి.

బాబు ఈసారీ వచ్చాడు. అంగన్‌వాడీకి వెళ్లాడు. అక్కడ మొదటి వారం ఏడ్చాడు, తర్వాత గుడ్డు కోసం పొద్దున్నే మా గుమ్మం ముందు నిలబడేవాడు. పదేళ్ల అమ్మాయి ఒకతె బడికి పోయింది కానీ పూర్తిగా కాదు, శనివారాలు తల్లి వెంటే తోటలో కనిపించేది. ఆపలేకపోయాను.

ఒక చివరి సంగతి. వాళ్లు పోయేటప్పుడు కూలిలో కొంత ఎండుమిర్చి రూపంలో తీసుకుంటారు, ఏడాది పొడుగునా ఇంట్లో వాడుకోవడానికి, వాళ్ల సంతలో అమ్ముకోవడానికి. మా దగ్గర అలవాటేమిటంటే మంచి కాయ ధర కట్టి, బస్తా అడుగున సగం తాలు కలిపి ఇవ్వడం. మేమూ నాలుగేళ్లు అలాగే ఇచ్చాం. ఈసారి మొదటి ఏరుడు కాయ కల్లం మీద ఆరిన రోజే, మార్కెట్ బస్తాలు నింపకముందే, వాళ్ల కాయ పక్కకు తీసి పెట్టాను. పెద్దావిడ వచ్చి చేయి లోపలి దాకా పెట్టి అడుగు కాయ తీసి చూసింది, వాసన చూసింది. తర్వాత మూతి కుట్టమన్నది. తొమ్మిది బస్తాలు కుట్టాం. పేర్లు వాళ్ల అమ్మాయే బొగ్గుతో హిందీలో రాసింది.